శుభ్రం చేయడం సగం పని, చెప్పడం మిగతా సగం: నా అనుభవం

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉన్న ఒక దంత వైద్యశాలలో నేను డెంటల్ హైజీనిస్ట్‌గా పనిచేస్తున్నాను. మాది కదిరి దగ్గర ఊరు. ఇంటర్‌లో బైపీసీ చదివి, రెండేళ్ల డిప్లొమా పూర్తి చేసి, రాష్ట్ర దంత మండలిలో పేరు నమోదు చేయించుకుని ఈ వృత్తిలోకి వచ్చాను. నోటి ఆరోగ్యం గురించి తెలుగులో చిన్న వీడియోలు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెడుతున్నాను. ఈ పని మొదలుపెట్టడానికి ఎవరి అనుమతి కావలసి వచ్చింది, ఏ హద్దులు గీసుకోవలసి వచ్చింది, జనం ఏమి అడిగారు అన్నవి ఇక్కడ రాస్తున్నాను. మా వృత్తిలో ఉన్నవాళ్లు చాలామంది ఇలాంటి ఆలోచనతోనే ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతున్నారు.

మా ఉద్యోగం పేరు చెప్పగానే ఎక్కువమంది "నర్సా అమ్మా?" అని అడుగుతారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం మా పనిని నిర్వచించింది. దంతవైద్యుడు కాకుండా, పళ్ల మీద గార తీసే, శుభ్రం చేసే, పాలిష్ పెట్టే, లేదా దంత పరిశుభ్రత గురించి బోధించే వ్యక్తి డెంటల్ హైజీనిస్ట్ అని అందులో ఉంది. చదువుకునే రోజుల్లో ఆ చివరి మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగంలో చేరాక దాని బరువు తెలిసింది. గార తీయడంతో సమానంగా బోధించడాన్ని కూడా చట్టమే మా చేతిలో పెట్టింది. అసలు ఈ వృత్తి పుట్టుక కూడా అలాంటిదే. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ నగరంలో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు పళ్లు శుభ్రం చేయడం నేర్పారు. 1913లో ఆయన బడి పెట్టి తయారుచేసిన తొలి హైజీనిస్టులు ఆ ఊరి పాఠశాలలకు వెళ్లి పిల్లలకు పళ్లు తోముకోవడం నేర్పారు. ఇవాళ చిన్నపిల్లలకు బ్రష్‌ను గుండ్రంగా తిప్పమని మేము చెప్పే పద్ధతి ఆయన పేరు మీదనే ఉంది. కాబట్టి వీడియోలు చేయడం నా దృష్టిలో వృత్తికి పక్కన పెట్టుకున్న సరదా కాదు, ఆ బడిపని కొనసాగింపే.

నన్ను ఇందులోకి దింపింది మాత్రం ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ఒక అబ్బాయి. చల్లటి నీళ్లు తాగినా పళ్లు జివ్వుమంటున్నాయని వచ్చాడు. మాటల్లో తెలిసింది: ఎవరో చెప్పిన వీడియో చూసి, పళ్లు తెల్లబడతాయని కొన్ని వారాలుగా నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దుతున్నాడు. నోటిలో పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కంటే కిందికి పడితే పంటి పైపొర అయిన ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండుకీ మూడుకీ మధ్య ఉంటుంది. దాని మీద సోడా పొడి పెట్టి రుద్దితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఈ సంగతులన్నీ ఎక్కడైనా చదవలేదా అని అడిగాను. "ఉన్నాయి మేడం, అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాళ్లు తెలుగులో చెప్పారు, మనవాళ్లు చెప్పినట్టుగా ఉంది, నమ్మాను" అన్నాడు. ఆ రాత్రి నేను చాలాసేపు ఆ వీడియో కింద జనం రాసిన వ్యాఖ్యలు చదివాను. 'ఈ రోజు నుంచే మొదలుపెడతాను' అని రాసినవాళ్లే ఎక్కువ.

మర్నాడు మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, వెంటనే కాదనీ అనలేదు. హైజీనిస్ట్ దంతవైద్యుల పర్యవేక్షణలో పనిచేయాలి కాబట్టి, నేను బయట చెప్పే మాటకు కొంత బాధ్యత తనకూ ఉంటుందన్నారు. రోగులను ఆకర్షించడానికి ప్రకటనలు ఇవ్వడాన్ని డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నైతిక నియమావళి కట్టడి చేస్తుందని గుర్తుచేశారు. కొన్నాళ్లకు ఒక కాగితం మీద షరతులు రాసి నా చేతికిచ్చారు. వైద్యశాల పేరు, ఫోను నంబరు, బోర్డు ఏ వీడియోలోనూ కనబడకూడదు. రోగి ముఖం గానీ నోరు గానీ చూపకూడదు, వాళ్లు సరేనన్నా సరే. చికిత్సకు ముందు, తర్వాత అంటూ ఫొటోలు పక్కపక్కన పెట్టకూడదు. ఎవరికీ రోగ నిర్ధారణ చేయకూడదు, మందు పేరు చెప్పకూడదు. చెప్పబోయే మాట ముందుగా రాసి, ఆమెకు చూపించి, ఆ తర్వాతే రికార్డు చేయాలి.

రోగి ఒప్పుకున్నా చూపకూడదన్న షరతు మొదట నాకు అతిగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అది సరైనదే. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, నా చేతిలో పరికరం ఉన్నప్పుడు "వీడియో తీసుకోనా?" అని అడిగితే కాదనగలిగే వాళ్లెంతమంది? ఆ స్థితిలో ఇచ్చిన అంగీకారాన్ని నేను అంగీకారం అనుకోలేను.

రోగులు లేనప్పుడు ఇక చూపడానికి మిగిలింది ప్లాస్టరు పళ్ల నమూనా, నా సొంత నోరు. సాయంత్రం చివరి రోగి వెళ్లాక, కంప్రెసర్ కట్టేశాక రికార్డు చేసేదాన్ని. అది నడుస్తుంటే ఏ మాటా వినబడదు. పాచికి రంగు పట్టించే ద్రవం ఒకటి ఉంటుంది, నోట్లో పుక్కిలించి ఊస్తే పాచి ఉన్నచోటల్లా గులాబీ రంగు అంటుకుంటుంది. కెమెరా ముందు మామూలుగా పళ్లు తోముకుని, ఆ తర్వాత ఆ ద్రవం వేసుకుని పెదవి తీసి చూపించాను. కింది ముందు పళ్ల వెనక, నాలుక వైపు, చిగురు అంచున గులాబీ గీత స్పష్టంగా కనిపించింది. అక్కడే లాలాజల గ్రంథి నాళం తెరుచుకుంటుంది. లాలాజలంలోని ఖనిజాలు పాచిలో చేరి గట్టిపడి గారగా మారేది ఎక్కువగా అక్కడే. పాచి మెత్తగా ఉన్నంతవరకు బ్రష్‌తో పోతుంది, గార అయ్యాక బ్రష్ ఎంత రుద్దినా కదలదు. బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి కొద్దికొద్దిగా కదపమని మేము ఎందుకు చెబుతామో ఆ గులాబీ గీత చూసినవాళ్లకు నేను వివరించాల్సిన పనే లేకపోయింది.

తర్వాత ఎత్తుకున్నది స్కేలింగ్ సంగతి. తెలుగిళ్లలో దీని మీద ఉన్న భయం ఇంతా అంతా కాదు. "గార తీయిస్తే పళ్లు వదులైపోతాయి, సందులు పడతాయి, మా పెదనాన్నకు అలాగే అయింది" అనే మాట నేను వారం తప్పకుండా వింటాను. ఆ పెదనాన్నకు ఏం జరిగి ఉంటుందో చెప్పాలంటే ఒక నిమిషం వీడియో చాలదు, అయినా ప్రయత్నించాను. ఏళ్ల తరబడి గార పేరుకుంటే దాని అంచున చిగురు వాచి, కిందికి జారుతుంది. లోపల పన్నును పట్టుకున్న ఎముక కొంచెం కొంచెంగా తరుగుతుంది. అప్పటికే పన్నుకు పట్టు పోయి ఉంటుంది, పళ్ల మధ్య ఖాళీని గార పూడ్చి ఉంచుతుంది. ఇంటి గోడ బీటల్లో మట్టి కూరుకుపోయి బీట కనబడనట్టు. ఆ గార తీసేసరికి ఖాళీ కనబడుతుంది, కదలిక తెలుస్తుంది, నింద స్కేలింగ్ మీద పడుతుంది. మేము వాడే అల్ట్రాసోనిక్ పరికరం కొన సెకనుకు 25 వేల సార్లకు పైగా కంపిస్తూ, నీళ్లు చిమ్ముతూ గారను విడగొడుతుంది. సరిగ్గా వాడితే అది పన్నును కోయదు. స్కేలింగ్ తర్వాత కొన్నాళ్లు పళ్లు కొద్దిగా జివ్వుమనడం మామూలే, అది తగ్గిపోతుంది. ఈ మాటలన్నీ మా డాక్టరమ్మ చదివి, "గార తీశాక పన్ను కదలదు అని మాట ఇవ్వకు. ఉన్న కదలిక కనబడవచ్చని ముందే చెప్పు" అని దిద్దారు. ఆ ఒక్క దిద్దుబాటు వల్లనే ఆ వీడియోను జనం నమ్మారనుకుంటాను. నిజంలో ఇబ్బందికరమైన భాగాన్ని కూడా చెప్పాం కాబట్టి.

దానితోపాటే ఇంకొకటి. తోముకునేటప్పుడు రక్తం వస్తే చాలామంది ఆ చోట తోమడం మానేస్తారు. చేయవలసింది దానికి పూర్తిగా తిరుగు. అక్కడ పాచి పేరుకుని చిగురు వాచింది కాబట్టే రక్తం వస్తోంది. మెత్తటి బ్రష్‌తో ఆ చోటును మరింత శ్రద్ధగా శుభ్రం చేయాలి, తగ్గకపోతే చూపించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా. షుగరు అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది.

కొద్దిమంది చూడడం మొదలుపెట్టగానే "మీరు డాక్టరా? కాకపోతే మీకెందుకు?" అనే ప్రశ్న వచ్చింది. అడిగినవాళ్లలో దంతవైద్యులూ ఉన్నారు. నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న ఎవరైనా అడగవలసిందే, నిమ్మరసం వీడియో కింద ఎవరూ అడగలేదన్నదే నా బాధ. అప్పటినుంచి ప్రతి వీడియో మొదట్లో నేను డెంటల్ హైజీనిస్ట్‌నని, దంతవైద్యురాలిని కాదని, ఇది అవగాహన కోసమే తప్ప చికిత్స కాదని చెబుతున్నాను. ఆరోగ్యం గురించి సామాజిక మాధ్యమాల్లో మాట్లాడే వాళ్లు తమ అర్హత వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. డబ్బు తీసుకుని ఏ వస్తువునైనా పొగిడితే అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలి. ఒక పళ్లపొడి అమ్మేవాళ్లు నన్ను సంప్రదించారు. అందులో ఏమేమి కలిపారో పూర్తి జాబితా అడిగితే ఇవ్వలేదు. 1992 నుంచి మన దేశంలో టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపడం నిషేధం. ఆ నిషేధం తేవలసి వచ్చిందంటేనే అంతకుముందు ఏం జరిగేదో తెలుస్తుంది. లోపల ఏముందో చెప్పని పొడిని నేను ఎవరి నోట్లోనూ పెట్టమనలేను. ఆ తర్వాత వచ్చినవాళ్లకు కూడా ఇదే జవాబిచ్చాను, ఇప్పుడు ఏ వస్తువు పేరూ చెప్పను. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి, మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా చూడండి, అంతవరకే.

నాకు అన్నిటికంటే దగ్గరి విషయం ఫ్లోరోసిస్. అనంతపురం వైపు పల్లెల నుంచి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కోలారు, పావగడ నుంచి బెంగళూరు వచ్చినవాళ్లలో ఎంతోమంది పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, సుద్ద గీతలు ఉంటాయి. లోతు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండడమే కారణం. మన దేశంలో ఈ సమస్యను 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు గుర్తించి రాశారు. నల్లగొండ పేరు మీద ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఒకటి ఉంది, నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ఇంత పాత సమస్య అయినా, ఆ పళ్లున్న అమ్మాయిని చూసి "సరిగా తోముకోవా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిచూపుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను అని ఒక అమ్మాయి మా కుర్చీలో కూర్చుని చెప్పింది. ఆమె చిగుళ్లు నేను చూసినవాటిలో అత్యంత ఆరోగ్యమైనవి. ఒక్కచోట గార లేదు.

ఆ వీడియో రాయడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఫ్లోరోసిస్ మచ్చ మురికి కాదని, పన్ను దవడ లోపల తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీటి వల్ల పడిందని చెప్పాను. అది పైపూత కాదు కాబట్టి గట్టిగా రుద్దినా, స్కేలింగ్ చేయించినా పోదు. రుద్దితే ఎనామిల్ అరుగుతుంది, అంతే. మచ్చ లోతును బట్టి దంతవైద్యులు చేయగలిగిన చికిత్సలున్నాయి, కావాలనుకున్నవాళ్లు వెళ్లి అడగవచ్చు. వద్దనుకుంటే ఆ పళ్లు అలాగే ఉండవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇక పసిపిల్లలున్న ఇళ్లలో చేయవలసిన పని నీటిది. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఆమోదనీయం, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్మకం. నీరు ఆవిరై తగ్గుతుంది తప్ప ఫ్లోరైడ్ తగ్గదు, కాచేకొద్దీ చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ తీయలేదు. ఆర్వో నీళ్లు తాగడానికే కాదు, పిల్లల వంటకూ వాడమని చెప్పాను.

దానికి వచ్చినన్ని జవాబులు మరే వీడియోకూ రాలేదు. కనిగిరి, పొదిలి, దేవరకొండ, పావగడ అని ఊళ్ల పేర్లు రాశారు. "మా అమ్మకు పంపాను, ఇన్నేళ్లూ నన్ను తిట్టింది" అని ఒకరు. "మా టీచరుకు పంపాను" అని ఇంకొకరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ అమ్మాయి చూసిందో లేదో నాకు తెలియదు, నేను పంపలేదు కూడా. రోగి సమాచారంతో నేను అలా వ్యవహరించకూడదు.

పిల్లల గురించి చేసిన వాటిలో తల్లులను ఎక్కువ కదిలించింది ఆరేళ్ల దవడ పన్ను. ఆరేళ్ల వయసులో పాల పళ్ల వరసకు వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అది కూడా పాల పన్నే అనుకుంటారు. పిప్పి పడినా "ఎలాగూ ఊడిపోతుందిలే" అని వదిలేస్తారు. అది జీవితాంతం నమలవలసిన పన్ను, ఊడితే మరొకటి రాదు. ఫోను పక్కన పెట్టి, బిడ్డను వెలుగులో నిలబెట్టి నోరు తెరిపించి చూడండి అని మాత్రమే అడిగాను. చూసిన తల్లుల్లో కొందరు గబగబా దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్లారని తర్వాత రాశారు.

అన్నిటికంటే కష్టమైన భాగం సందేశాలు. నోటి పుండ్ల ఫొటోలు, ఎక్స్‌రేలు, వాచిన బుగ్గలు అర్ధరాత్రి పంపుతారు. 'అక్కా, ఇది ఏమిటి?' అంటారు. చూసి ఏదో ఒకటి చెప్పాలని మనసు లాగుతుంది. కానీ ఫొటో చూసి చెప్పే మాట నాది కాదు. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే దంతవైద్యులకు చూపించి తీరాలని, బుగ్గ వాపుతో జ్వరమో, మింగడంలో ఇబ్బందో ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలని చెబుతాను. డబ్బు భయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ దంత కళాశాలల పేర్లు పంపుతాను. బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి పక్కన ఒకటి ఉంది. మనవైపు కడప, విజయవాడల్లో ఉన్నాయి, హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో ఉంది. ఈ ఒక్క చిరునామా తెలియక ఏళ్లు నొప్పి భరించినవాళ్లున్నారు.

వక్క, గుట్కా గురించి అడిగేవాళ్లలో భవన నిర్మాణ కూలీలు, ఆటో నడిపే అన్నలు ఎక్కువ. పొగాకు లేని ఉత్త వక్కపొడి అయితే పరవాలేదనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్కను కూడా మనిషిలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలోనే పెట్టింది. మూడు వేళ్లు నిలువుగా పెట్టి నోట్లో పడతాయో లేదో చూసుకోమంటాను. వక్క నమిలే అలవాటుండి నోరు అంత తెరుచుకోకపోతే ఆలస్యం చేయకూడదు. మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్ ఉంది. దక్షిణాది భాషల పిలుపులను ఇక్కడి నిమ్హాన్స్‌లో అందుకుంటారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు పొగాకు ప్యాకెట్ల మీదే ఉంటుంది, కానీ దాన్ని చదివినవాళ్లు నాకు అరుదుగా కనబడ్డారు.

ఎంతమంది చూశారన్న లెక్కను నేను పెద్దగా పట్టించుకోవడం మానేశాను. నవ్వు తెప్పించే వీడియోలతో మేము పోటీ పడలేం. కుర్చీలో కూర్చున్న పేషెంటు "మీరు చెప్పినట్టు వాలుగా పట్టుకుంటున్నాను మేడం" అని బ్రష్ పట్టి చూపిస్తే, ఆ చిగురు అంచున గార తగ్గి ఉంటే, నాకు కావలసిన లెక్క అది. మా డాక్టరమ్మ ఇప్పటికీ ప్రతి రాతను చదువుతారు, ఇప్పటికీ కొట్టివేస్తారు.

ఈ మధ్య బాగేపల్లి వైపు నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు రాశారు. గర్భిణుల సమావేశంలో చూపించడానికి వీడియో కావాలట. ఆ నెలల్లో చిగుళ్లు వాచి రక్తం రావడం మామూలేనా, పంటి చికిత్స చేయించుకోవచ్చా అని వాళ్లు అడుగుతున్నారట. హార్మోన్ల మార్పు వల్ల వాపు ఎక్కువ కావడం, పాచి తీస్తే తగ్గడం, నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు చికిత్సకు అనువైన కాలం కావడం, గర్భిణినని దంతవైద్యులకు ముందే చెప్పడం, ఇవన్నీ రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. నొప్పి గానీ చీము గానీ ఉంటే ఏ నెలైనా ఆగకూడదన్న మాట ముందుకు తెమ్మన్నారు. అక్షరాలు తెరమీద వద్దు, చదవలేని వాళ్లున్నారు, గొంతు నెమ్మదిగా ఉండాలి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కూడా వాట్సాప్‌లో దిగేంత చిన్నదిగా ఉండాలి అని టీచరు అడిగారు. అలాగే చేస్తున్నాను. అక్కడ సగంమంది ఇంట్లో తెలుగు, బయట కన్నడ మాట్లాడతారు కాబట్టి, మా దగ్గర పనిచేసే తుమకూరు అమ్మాయి గొంతుతో కన్నడలోనూ ఒకటి సిద్ధమవుతోంది.